నాన్న పిక్కల కింద వెండి దుప్పటి

మా నాన్న నన్ను నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు ఒక దుప్పటి. మామూలు దుప్పటి అయితే ఇంత రాయనక్కరలేదు. ఇది వెండి దారాలు కలిపి నేసిన దుప్పటి. దానికి ఒక మూల ప్రెస్ బటన్, బటన్‌కి వైరు, వైరు చివర భూమి. దాని మీద పడుకుంటే ఒళ్ళు నేలను తాకినట్టే లెక్క అనీ, నిద్ర ముంచుకొస్తుందనీ ఎవరో ఫోన్లో వీడియో పెట్టారు. నాన్నతో పనిచేసే ఒకాయన దాన్ని నాన్నకి పంపాడు. నాన్న నాలుగుసార్లు చూసి, ఐదోసారి నాకు చూపించారు.

"ఎర్తింగ్ నీ పనే కదరా. ఇదేదో చూడు," అన్నారు.

నిజమే, నా పనే. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి పోర్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర మెయింటెనెన్స్‌లో ఉన్నాను. ఇరవై రెండు ఎర్త్ పిట్‌లు నా బాధ్యత. పిట్ అంటే గొయ్యి. అందులో ఒక ఇనప గొట్టం, దాని చుట్టూ ఉప్పు, బొగ్గు. దారి తప్పిన కరెంటు మనిషి ఒంట్లోంచి కాకుండా ఆ గోతిలోంచి భూమిలోకి దిగిపోవాలని ఈ ఏర్పాటు. ఎండాకాలంలో వాటికి మొక్కలకి పోసినట్టు నీళ్ళు పోయిస్తాను, మీటరు పెట్టి రీడింగ్ తీసి రిజిస్టరులో రాస్తాను. అదే గోతిలోంచి నిద్రని పైకి తోడుకోవచ్చని మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

అయినా నేను నవ్వలేదు. నవ్వే పరిస్థితి కాదు.

నాన్న స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే పెద్ద క్రేన్, దానికి వేలాడే గాజు గది, కింద కుండలో కరిగిన ఉక్కు. ముప్పై ఏళ్ళుగా ఆ గదిలోంచి కిందకి చూస్తూ బతికారు. ఆ ఏడాది జరిగిన వైద్య పరీక్షలో బీపీ బాగా ఎక్కువ చూపించింది. ఎన్ని గంటలు పడుకుంటారని డాక్టరు అడిగితే నాలుగని చెప్పారట. తోటి ఆపరేటరు ఒకాయన కాలు విరిగి సెలవులో ఉండడంతో నాన్నకి వరసగా నైట్ షిఫ్టులే పడుతున్నాయి, ఇంటికొచ్చి పడుకోవాల్సింది పగలు. డాక్టరు ఒక మాత్ర రాసిచ్చి, నెలన్నర తర్వాత మళ్ళీ రమ్మన్నారు. అప్పటికీ అలాగే ఉంటే క్రేన్ దింపి స్టోర్స్‌లో కూర్చోబెడతారు.

"కిందకి చూసి బతికినవాణ్ణిరా. ఇప్పుడు కింద కూర్చుని పైకి చూడమంటే మెడ పట్టేస్తుంది," అన్నారు నాన్న. తమాషాగానే అన్నారు. కానీ ఆ రోజు అన్నం సగమే తిన్నారు.

అందుకని కొలతల టేపు తీశాను.

మా ఇంట్లో మంచం అంటే రెండు మంచాలు. ఒకప్పుడు ప్లాంటుకి యంత్రాలు వచ్చిన చెక్కపెట్టెలు వేలం వేస్తే, ఆ చెక్కతో గాజువాకలో ఒక వడ్రంగి చేత నాన్న వాటిని చేయించారు. పక్కపక్కన చేర్చి ముప్పై ఏళ్ళుగా డబుల్ కాట్ అని పిలుచుకుంటున్నాం. పెట్టెల మీది గుర్తులు ఇప్పటికీ చెరగలేదు. నాన్న మంచం పక్కబద్ద మీద గాజు గ్లాసు బొమ్మ ఉంటుంది, అంటే పగిలే సరుకు, జాగ్రత్త. అమ్మ మంచం బద్ద మీద బాణం గుర్తు నేలవైపు తిరిగి ఉంటుంది. ఈ వైపు పైకి ఉంచవలెనని దాని అర్థం. ఆ లెక్కన అమ్మ ముప్పై ఏళ్ళుగా తలకిందులుగా నిద్రపోతోంది.

నాన్న మంచం వెడల్పు 915 మిల్లీమీటర్లు, పొడవు 1905. అమ్మది 880, 1930. రెండింటి మధ్య సందు 22. ఎత్తులో తేడా 15, అమ్మే పైన. నాన్న పరుపు అంచుల్లో 110 మందం, నడుమ దగ్గర 60. ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుని ఫోన్ తెరిస్తే, అందులో సింగిల్, క్వీన్, కింగ్ అని మూడే సైజులున్నాయి. ముగ్గురిలో ఎవరూ మా ఇంటి చుట్టాల్లా కనిపించలేదు.

ఎలాస్టిక్ ఉన్న షీట్‌ని ముందే కొట్టేశాను. అది ఎనిమిదంగుళాల ఫోమ్ పరుపుకి కుట్టింది. మా దూది పరుపుకి వేస్తే పెద్దన్నయ్య చొక్కా తమ్ముడికి తొడిగినట్టు ఉంటుంది. రెండు మంచాలకీ కలిపి పరిచే పెద్ద షీట్ గురించి చెబితే అమ్మ ఒప్పుకోలేదు.

"నా వైపు ఒక్క దారం వచ్చినా నేను హాల్లో పడుకుంటాను. ఆయనకి నిద్ర కావాలి గానీ నాకెందుకూ? తల ఆనిస్తే చాలు, నాకు తెల్లారిపోద్ది."

దిండు గలీబు ఒకటి కనబడింది. చిన్నది, కొలతతో పేచీ లేదు. కానీ వాడే విధానం చదివాను. నూనె తగలకూడదు, క్రీము తగలకూడదు, తగిలితే వెండి నల్లబడి పనిచెయ్యదు. నాన్న పడుకునేముందు తలకి కొబ్బరినూనె పెట్టుకుంటారు. మా ఇంట్లో దిండ్లని పిండి దీపం పెట్టుకోవచ్చు.

"కొన్నాళ్ళు తలకి నూనె మానేద్దామా నాన్నా?"

"నూనె మానేస్తే నిద్రెలా పడుతుందిరా?" అన్నారు ఆయన. నిద్ర పట్టకపోవడం గురించి మాట్లాడుకుంటున్నామన్న సంగతి ఇద్దరం కాసేపు పక్కన పెట్టాం.

విధానంలో రెండో ముక్క, షీట్ ఒంటికి నేరుగా తగలాలి. మధ్యలో బట్ట ఉండకూడదు. అప్పుడు నేను ఒక గళ్ళ కాగితం మీద నాన్న ఆకారం గీశాను. తల, నూనె. వీపు, బనీను. నడుము నుంచి కిందకి, లుంగీ. అరికాళ్ళు, మళ్ళీ నూనె, ఈసారి నువ్వులది. ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే మిగిలినవి పిక్కలు. అవి కూడా లుంగీ కిందే ఉంటాయి గానీ, పడుకున్న కాసేపటికి లుంగీ పైకి జరుగుతుందని నా అనుమానం. అనుమానాన్ని లెక్కలో రాయకూడదు కాబట్టి, ఒక పొద్దున్న నాన్న పడుకున్నాక గుమ్మంలో నిలబడి పాత దుప్పటి గళ్ళ మీద లుంగీ అంచు ఎంత జరిగిందో లెక్కపెట్టాను. ఇరవై అయిదు నిమిషాల్లో చీలమండ నుంచి మోకాలికి వచ్చింది.

అమ్మ వెనకనుంచి వచ్చి పట్టుకుంది. "నాన్న లుంగీ వైపు అలా గుడ్లప్పగించి చూస్తావేంట్రా? ఒంట్లో బాగానే ఉందా నీకు?"

అలా హాఫ్ షీట్ ఖాయమైంది. మంచానికి అడ్డంగా, పిక్కలు వచ్చే చోట పరిచే పట్టీ అది. వచ్చింది. పొడుగు 2500. నాకు కావలసింది నాన్న వెడల్పు 915, అటూ ఇటూ పరుపు కింద దోపడానికి 150 చొప్పున, మొత్తం 1215. మిగిలిన సగం అమ్మ రాజ్యంలోకి పోతుంది. అంటే కత్తిరించాలి. కత్తిరిస్తే అంచు దారాలు ఊడతాయి. ఊడకుండా మడిచి కుట్టాలి.

కంచరపాలెంలో నా స్నేహితుడికి పరుపుల కొట్టు ఉంది. చిన్నప్పుడు ఒకే బెంచీ. ఒకర్నొకరం బావా అనే పిలుచుకుంటాం. మా ఇంటి పరుపులు కుట్టింది వాళ్ళే.

"ఏటి బావా, ఎండి దుప్పటా? గీకితే ఎండొస్తాదేటి?" అన్నాడు పట్టీని వెలుగులో పెట్టి చూస్తూ.

"రాదు. జాగ్రత్తగా కుట్టు."

"ఎందుకిది?"

"నాన్నకి నిద్ర కోసం."

కత్తెర పక్కన పెట్టేశాడు. "నాను కుట్టిన పరుపు మీద తొంగుని నిద్ర రాలేదని వైరు కట్టుకుంటన్నారా? ఇది ఈదిలో తెలిత్తే నా కొట్టేటి కావాల?"

అయినా కుట్టాడు. బటన్ ఉన్న మూల వదిలి మూడు వైపులా నూలు పట్టీ వేసి చక్కగా కుట్టాడు. నేను మీటరు తీసి నాలుగు మూలలకీ తీగలు ఆనించి చూశాను. ప్రతి మూలకీ బీప్ మన్నప్పుడల్లా బావ కుట్టు మిషన్ మీంచి చెయ్యి తీసేశాడు.

ఇంటికొచ్చి వైరుని గోడ సాకెట్ మూడో రంధ్రంలో పెట్టబోతూ, అలవాటు కొద్దీ ముందు ఆ రంధ్రాన్ని పరీక్షించాను. మీటరు కదల్లేదు. సాకెట్ విప్పాను. వెనక పచ్చ వైరు జానెడు ఉంది, దాని చివర ఏమీ లేదు. ఇల్లంతా వెతికాను. పద్నాలుగు సాకెట్లు, పద్నాలుగు పచ్చ వైర్లు, ఒక్కటీ ఎక్కడికీ వెళ్ళలేదు. మేస్త్రీ ఎవరో, వైరింగ్ చేసింది ఎవరో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. పోర్టులో ఇరవై రెండు గోతుల ఆరోగ్యం చూసేవాణ్ణి, సొంత ఇంటికి గొయ్యే లేదని పుట్టిన ఇరవై ఏడేళ్ళకి కనుక్కున్నాను. దీపం కిందే చీకటి.

అమ్మ తేలిగ్గా తీసుకుంది. "ఇన్నాళ్ళూ బానే ఉన్నాం కదా," అంది. మా వృత్తిలో ఈ మాట విన్నాక ఎవరమూ ఆ పూట అన్నం తినం.

ఆదివారం బావని పిలిచి, వీధి గోడ లోపలివైపు నేను, వాడు గొయ్యి తవ్వాం. ఆ వారం నాన్నకి సెలవు రోజు అదే, గట్టు మీద కుర్చీ వేసుకుని క్రేన్ సైగలతో మాకు దారి చూపించారు. గొట్టం నిలబెట్టాం. వరసకి వరస కల్లుప్పు, బొగ్గు, మట్టి. వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే గోడ మీంచి తొంగి చూడసాగారు. బస్తాడు ఉప్పు చూసి ఎదురింటావిడ ఆవకాయ కాలం కాదే అనుకుందట. తవ్వుతున్నంతసేపూ నేను గోతిలో మెడదాకా ఉన్నాను, జవాబులన్నీ పైనున్న బావ చెప్పాడు.

"ఏటి నాయనా, నుయ్యా?" అని ఆవిడ అడగడం నాకు వినిపించింది.

"కాదు పిన్నీ, కరెంటు. మంచానికి."

"మంచానికి కరెంటేటి?"

"మావయ్యకి. డాట్రు సెప్పినాడు గదా." అంత గంభీరంగా బావ మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. అమ్మ మా కోసం మజ్జిగ తెచ్చి అక్కడే నిలబడింది. కాదని చెప్పలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గోతిలోంచి వైరు కిటికీ గుండా పడగ్గదిలోకి వచ్చింది. దానిలో లక్ష ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. దానిగుండా చీమకి చక్కిలిగింత పెట్టేంత కరెంటు కూడా పోదు. నాన్న పడుకున్నారు. ఇరవై అయిదు నిమిషాల తర్వాత పిక్కలు వెండిని తాకాయి.

నోటుబుక్కులో లెక్క మొదలైంది. పొద్దున్న ఎనిమిదిన్నరకి మంచం ఎక్కడం, దిగడం, మధ్యలో లేవడం. నేను డ్యూటీలో ఉన్నప్పుడు అమ్మ గోడ గడియారం చూసి చెప్పేది. షీట్ ముందు నాలుగు గంటలు. షీట్ తర్వాత మొదటి వారం అయిదున్నర, అయిదు ముప్పావు, ఆరు. నాన్న మొహంలో కళ వచ్చింది. నాకు మాత్రం చిరాకు వచ్చింది. నమ్మనిది పనిచేస్తుంటే చదువుకున్నవాడికి తిండి సయించదు. మాత్ర వల్ల కూడా కావచ్చు. అందుకని ఎవరికీ చెప్పకుండా రెండో వారం గోతి దగ్గర నట్టు విప్పి వైరు ఊడదీశాను. పైన మూత పెట్టేశాను. ఇప్పుడు నాన్న పిక్కల కింద ఉన్నది బాగా ఖరీదైన గుడ్డ, అంతే.

నాన్న ఆరుంపావు గంటలు పడుకున్నారు. మర్నాడు ఆరున్నర.

వారం మధ్యలో నాకు సెలవొచ్చింది. వైరు లేకుండా ఈ నిద్ర ఎక్కణ్ణుంచి వస్తోందో చూద్దామని ఆ పూట వరండాలో కూర్చుని వీధిని కనిపెట్టాను. ఈ వీధి నాకు తెలుసు. ఎనిమిది నలభైకి చేపల పెద్దమ్మ వస్తుంది. జాలరిపేట నుంచి బుట్టతో ఆటో దిగి, మలుపులోనే "సేపలమ్మా సేపలూ" అని ఎత్తుకుంటే నాలుగో వీధిలో పిల్లులు లేచి కూర్చునేవి. తొమ్మిదింటికి పాత ఇనప సామాన్ల ఆటో, దాని మైకు. తొమ్మిదింపావుకి ఎదురింటాయన స్కూటరు, పన్నెండు కిక్కులు.

ఎనిమిది నలభైకి పెద్దమ్మ వచ్చింది. చప్పుడు లేదు. చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దగ్గర బుట్ట దించింది. అమ్మ బయటికి వచ్చింది. పెద్దమ్మ ఒక వంజరాన్ని తోక పట్టుకుని ఎత్తింది. అమ్మ మూతి విరిచింది. పెద్దమ్మ మూడు వేళ్ళు చూపించింది. అమ్మ రెండు వేళ్ళు చూపించి, తలుపు వైపు తిరిగినట్టు నటించింది. పెద్దమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని ఆకాశం వైపు చూసింది. చివరికి రెండు వేళ్ళూ ఒక సగం వేలు దగ్గర ఒప్పందం కుదిరింది. ఇంత బేరంలో ఒక్క మాట పడలేదు. తొమ్మిదింటికి ఇనప ఆటో మలుపు దగ్గర మైకు ఆపేసింది. తొమ్మిదింపావుకి ఎదురింటాయన స్కూటరుని తోసుకుంటూ వీధి చివరిదాకా తీసుకెళ్ళి, అక్కడ తన్నడం మొదలుపెట్టాడు.

నేను పెద్దమ్మ వెనక పరిగెత్తాను. "ఎందుకు పెద్దమ్మా అరవడం మానేశావ్?"

ఆవిడ నా మూతి మీద చెయ్యి పెట్టినంత పని చేసింది. చేపల వాసన. "మెల్లగా బాబూ! గట్టిగా అరిత్తే మంచం మీద మీ నాయనకి కరెంటు ఎగదన్నుతాదంట గదేటి? ఉప్పు బస్తాలు పోసి మరీ పెట్టినారంట. నా నోటితో ఒక మడిసి పోతే నానెక్కడికి పోవాల?"

"ఎవరు చెప్పారు?"

"ఎదురింటమ్మ సెప్పింది. ఆవిడికి ఆ పరుపులబ్బాయి సెప్పినాడంట."

బావకి ఫోన్ చేశాను. "నానేటి అబద్దం సెప్పినాను?" అన్నాడు. "మంచానికి వైరుంది. వైరు గోతిలోకుంది. నానంతవరకే సెప్పినాను. మిగతాది ఆళ్ళే అల్లుకున్నారు బావా. అల్లికలో మన ఈదోళ్ళ ముందు నా మిషనెంత?"

అమ్మని అడిగాను. చేపలు కడుగుతూ, "నన్నెవరైనా అడిగితే ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. 'ఏమోనమ్మా, మావాడు చదువుకున్నాడు' అన్నాను, అంతే," అంది. పొద్దున్న మిక్సీ వెయ్యడం ఆవిడ కూడా మానేసిందని అప్పుడు గమనించాను. పచ్చళ్ళు వారం నుంచి రోటి రుచి వస్తున్నాయి. నేను గమనించనిది అదొక్కటే కాదు. పక్కవాళ్ళ తలుపు మడతబందులకి ఎవరో నూనె వేశారు.

అంటే షీట్ మంచానికి సరిపోవడం కాదు, వీధికి సరిపోయింది. నోటుబుక్కులో ఈ ఫలితాన్ని ఏ గడిలో రాయాలో తెలియలేదు.

పరీక్షకి ఇంకా పది రోజులుంది. నాన్నకి చెబుదామా అంటే అమ్మ గరిటె ఎత్తింది. "పరీక్ష అయ్యేదాకా నోరు విప్పావంటే నీ కంచంలో నీళ్ళే. ఇప్పుడు చెప్తే ఈ పది రోజులూ ఆయన కళ్ళు మూసుకుని వీధి వింటూ పడుకుంటారు." అది ఇంజనీరింగు మాటే. ఒప్పుకున్నాను. కానీ ఆ వారంలోనే వీధివాళ్ళ భయం పలచబడసాగింది. ఒక రోజు ఇనప ఆటో మైకు మలుపు దాటాక ఆగింది. ఇంకో రోజు స్కూటరు మా గేటు పక్కనే ఒక్క కిక్కు తిన్నది. నాన్న నిద్ర అయిదూ ముప్పావుకి దిగింది.

అప్పుడు నేను చేసింది నా వృత్తికి ద్రోహం. నాలుగొందల నలభై వోల్టుల బోర్డుని ఆ కరెంటు లేని చోట పెట్టకూడదని మాకు మొదటి ఏడే నేర్పారు. ఒక రేకు ముక్క తీసుకుని, ఎర్ర పెయింటుతో పుర్రె, రెండు ఎముకలు, కింద '440 వోల్టులు, ప్రమాదం' అని రాసి గోతి పైన గోడకి, వీధివైపు తిప్పి కట్టాను. ఆ మర్నాడు ఎదురింటాయన స్కూటరుని మోసుకెళ్ళినంత పని చేశాడు. నాన్న ఆరు గంటల నలభై నిమిషాలు పడుకున్నారు.

నేను లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. అలాంటి బోర్డు ఎక్కడ పెడతారో నిజంగా తెలిసిన మనిషి మా వీధిలో నాన్న ఒక్కరే. పొద్దున్న నిద్రమత్తులో చూడలేదు గానీ, సాయంత్రం షిఫ్టుకి బయల్దేరుతూ గేటు దగ్గర ఆగారు.

"నాలుగొందల నలభయ్యా? నా మంచానికా?"

ఇక దాచలేదు. నట్టు విప్పిన సంగతి, మూగ బేరం, బావ జవాబులు, అన్నీ వరసలో చెప్పాను. అమ్మ గుమ్మంలో గరిటెతో నిలబడే ఉంది. నాన్న అంతా విన్నారు. నవ్వుతారో తిడతారో తెలియలేదు.

"అయితే ఎనిమిది రోజులుగా నేను ఉత్త గుడ్డ మీద పడుకున్నానన్నమాట."

"అవును నాన్నా."

"బాగా పట్టిందిరా." సంచీ భుజం మార్చుకుని బోర్డుని ఇంకోసారి చూశారు. "ఎముకలు అడ్డంగా పెట్టావు, అవి పుర్రె కింద గుణకారం గుర్తులా ఉండాలి. ఇలా ఉంటే ఎవరూ నమ్మరు. దిద్దు." వెళ్ళిపోయారు.

దిద్దాను. వైరు మాత్రం మళ్ళీ తగిలించాను, షీట్‌కి కాదు, ఇంటి పద్నాలుగు సాకెట్లకి. ఆ గొయ్యి వల్ల మా ఇంటికి జరిగిన రుజువున్న మేలు అదొక్కటే.

పరీక్ష రోజు నాన్న ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ, "నూట ముప్పై రెండు," అన్నారు. కింది అంకె చెప్పలేదు. చూపుడువేలు పైకి ఎత్తి గుండ్రంగా తిప్పారు. క్రేన్ వాళ్ళ సైగ అది, పైకి లేపు అని. మాత్ర ఎంత చేసిందో, వీధి ఎంత చేసిందో నేను విడదీసి చెప్పలేను. అమ్మ ఆ రోజు మిక్సీ వేసింది.

మర్నాడు పొద్దున్న చేపల పెద్దమ్మ బేరం అయ్యాక కదల్లేదు. నన్ను గేటు పక్కకి పిలిచింది. గొంతు ఇంకా గుసగుసలోనే ఉంది.

"బాబూ, మా ఇంటాయన కోడి కుయ్యకముందే ఏటకి పోతాడు. ఎండెక్కినాక ఒడ్డుకొచ్చి తొంగుంటాడు. మా పేటలో నిద్రెక్కడిది? వలలు బాగుసేసేటోళ్ళు, పేకాడేటోళ్ళు, నా కోడళ్ళు. మొన్న పడవలో కునుకు తీసి నీళ్ళల్లో పడబోయినాడంట. మీ నాయనకి ఏసినట్టే ఆడికీ ఒకటి ఎయ్యవా? కొలత తెచ్చినాను. నులక మంచం, నా సేత్తో తొమ్మిది జానలు, ఎడల్పు నాలుగు, పైన బెత్తెడు."

చెయ్యి చాచి జానెడు ఎంతో చూపించింది. నోటుబుక్కు తీసి ఆ జానని కూడా కొలిచాను, 205 మిల్లీమీటర్లు. నులక మంచం మీద ఏ హాఫ్ షీట్ నిలవదు. కిందకి కుంగుతుంది, వెండి దారం నులకలో ఇరుక్కుంటుంది. ఇసకలో గొయ్యి తవ్వితే నిలవదు. ఇవన్నీ చెప్పబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాను.

లోపలికి వెళ్ళి మిగిలిన రేకు ముక్క తెచ్చాను. రాత్రి ఎలాగూ అలవాటు కోసం ఇంకోటి వేసి ఉంచాను, ఎముకలు ఈసారి నాన్న చెప్పినట్టే వచ్చాయి. పెద్దమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసి, బుట్టలో తడి గోనె కింద జాగ్రత్తగా దాచుకుంది.

"దీన్ని మంచానికి ఎటేపు కట్టాల బాబూ, తలేపా, కాళ్ళేపా?"

"మంచానికి కాదు పెద్దమ్మా," అన్నాను, "గుమ్మానికి. బయటివైపు."